‘అది దొరకదు’ అన్న తర్వాత



సిగరెట్ మానాలన్న ఆలోచన వచ్చిన మనిషి వెంటనే ఆసుపత్రికి వెళ్ళడు. ఓపీ చీటీ రాయించుకుని లైన్లో నిలబడడానికి నాకేం జబ్బుందనుకుంటాడు. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టు దిగినవాడైనా, పోర్టులో లారీకి సరుకెత్తించి వస్తున్నవాడైనా ఇంటికి పోయే దారిలో మందుల షాపు ముందు బండి ఆపుతాడు. కౌంటర్ దగ్గర ఇంకెవరైనా ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా ఆగుతాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడుగుతాడు: ‘ఏటి గురూ, ఇది మానీడానికి మందేటైనా ఉందా?’ మన విశాఖ గాజువాకలో గానీ, కూర్మన్నపాలెంలో గానీ, కంచరపాలెంలో గానీ, వన్‌టౌన్‌లో గానీ మందుల షాపులో నిలబడే ఏ ఫార్మసిస్టుకైనా ఆ గొంతు తెలుసు. మాలో చాలామందిమి దానికి చెప్పవలసినంత జవాబు చెప్పడం లేదు. ఆ సంగతి మాట్లాడడానికే ఈ పూట మీ ముందుకొచ్చాను.

ఈ మధ్య కుర్రవాళ్ళ నోట ఆ ప్రశ్న మారింది. ‘అన్నా, వేప్ దొరుకుతాదా? దానికి మారిపోతే సిగరెట్ మానీవచ్చంట కదా?’ అంటున్నారు. మనది ఓడరేవు ఊరు. మర్చంట్ నేవీలో చేరిన పిల్లలు మన వీధుల్లో చాలామందే ఉన్నారు. ఓడ దిగి సెలవుకొచ్చినప్పుడు అక్కడి రేవుల్లో చూసినవన్నీ చెబుతారు. గల్ఫ్‌లో పనిచేసే మేనమామ, ఇంగ్లండ్‌లో చదివే అక్క వచ్చినప్పుడు కూడా ఈ వస్తువు కళ్ళబడుతుంది. బ్యాటరీతో పనిచేసే చిన్న గొట్టం. నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా మారుస్తుంది. మనిషి ఆ ఆవిరి పీలుస్తాడు. పొగాకు కాలదు, బూడిద రాలదు, వాసన కూడా పళ్ళదో పుదీనాదో వస్తుంది.

మన దేశంలో దీని మీద నిషేధం ఉంది. 2019 సెప్టెంబర్ 18న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదంతో అది చట్టమైంది. అంతకుముందు మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి ఒక శ్వేతపత్రం విడుదల చేసి, పిల్లలకు కొత్తగా నికోటిన్ అలవాటవుతుందన్న భయంతో పూర్తి నిషేధాన్నే కోరింది. చట్టం ఇ-సిగరెట్ అని పిలిచే ఈ వస్తువు తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

షాపు నడిపే సోదరులు కొందరు ఇక్కడ పొరబడుతుంటారు. ‘ఇందులో నికోటిన్ లేదండీ, హెర్బల్ అండీ, ఉత్త ఫ్లేవరే’ అని ఎవరైనా డబ్బా తెచ్చి చూపిస్తే చట్టం దీనికి వర్తించదనుకుంటారు. వర్తిస్తుంది. వేడిచేసి పీల్చే ఆవిరిని పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా, అందులో నికోటిన్ ఉన్నా లేకున్నా, నిషేధం కిందికే వస్తుంది. ఇ-హుక్కా కూడా అంతే. పొగాకును కాల్చకుండా వేడిచేసే కొత్త రకం పరికరాలూ అంతే. ‘నాలుగు రోజులు మీ గోడౌన్‌లో పెట్టుకోండి, మళ్ళీ పట్టుకెళ్తాను’ అని తెలిసినవాడు అడిగినా తెలిసి తెలిసి చోటివ్వడం నేరమే. ఒక్క మినహాయింపు ఉంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు పొందిన ఉత్పత్తులు ఈ నిర్వచనంలోకి రావు. అంటే మందుగా ఆమోదం ఉన్న నికోటిన్ చూయింగ్ గమ్, చప్పరించే బిళ్ళ మన షాపుల్లో దర్జాగా ఉండవచ్చు.

మరి తాగేవాడి సంగతి? చట్టం పైన చెప్పిన పనులకే శిక్షలు రాసింది. వేప్ తాగినందుకు తాగిన మనిషికి విడిగా శిక్ష రాయలేదు. ఈ తేడా ఫార్మసిస్టుకు తెలిసి ఉండాలి. ఎందుకంటే కుర్రాడొకడు జేబులోంచి అది తీసి ‘దీని లిక్విడ్ అయిపోయింది, ఏం చెయ్యమంటావు?’ అని అడిగితే చాలామంది భయపడిపోయి, ‘అమ్మో, అది బ్యాన్, ముందు లోపల పెట్టు, ఇక్కణ్నుంచి వెళ్ళు’ అంటారు. అతను వెళ్ళిపోతాడు. పక్కనే బడ్డీ కొట్టుంటుంది, అందులో విడి సిగరెట్లుంటాయి. అడిగిన మాటకు జవాబు చెప్పడం అమ్మకం కాదు, ప్రకటన కాదు, నిల్వ కాదు. ఏ బ్రాండు మంచిదో చెప్పకూడదు, ఎక్కడ దొరుకుతుందో చెప్పకూడదు, ఎవరి ఫోన్ నంబరూ ఇవ్వకూడదు. అతని అలవాటు గురించి అడగడానికి, మానే దారి చూపించడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డురాదు. పైగా 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి కౌన్సెలింగ్ ఇవ్వడం మన పనేనని చెబుతున్నాయి.

ఆ కుర్రాడు విన్నదాంట్లో కొంత నిజం ఉంది. దాన్ని అబద్ధమని కొట్టిపారేస్తే మన మీద నమ్మకం పోతుంది. ఇంగ్లండ్‌లో 886 మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే ఇ-సిగరెట్ ఇచ్చినవాళ్ళలో 18 శాతం మంది సిగరెట్ మానగలిగారు. గమ్, ప్యాచ్ లాంటివి ఇచ్చినవాళ్ళలో 9.9 శాతం. అయితే అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా తేలింది. ఇ-సిగరెట్‌తో మానినవాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా ఆ పరికరాన్ని వదల్లేదు. గమ్, ప్యాచ్‌లతో మానినవాళ్ళలో వాటిని ఇంకా వాడుతున్నది 9 శాతమే. సిగరెట్ పోయినా నికోటిన్ ఉండిపోయిందన్నమాట. బ్రిటన్ ప్రభుత్వం ఈ దారిని ప్రోత్సహించింది. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి వేప్‌లు మందుల షాపుల్లో తప్ప ఎక్కడా అమ్మకూడదు. మెల్‌బోర్న్‌లో పనిచేసే మన తెలుగు ఫార్మసిస్టు కౌంటర్ వెనక నుంచి తీసి ఇవ్వగలిగిన వస్తువును విశాఖలో ఉన్న ఫార్మసిస్టు అమ్మితే నేరం. సింగపూర్‌లో అది తాగినా నేరమే. దేశానికొక రకంగా ఉంది.

నా మట్టుకు నేను కౌంటర్ దగ్గర రెండు మాటలు చెప్పను. వేప్ సురక్షితం అనను, అందులో ఏమేం కలిశాయో సీసా మీద రాసింది నిజమో కాదో దొంగచాటుగా వచ్చిన సరుకు విషయంలో ఎవరూ చెప్పలేరు కాబట్టి. సిగరెట్ కంటే వేప్ ప్రమాదం అని కూడా అనను. అలా అంటే ఆ మాట విన్నవాడు హాయిగా సిగరెట్‌కే తిరిగి వెళ్తాడు. కాలే పొగాకు చేసినంత నాశనం వేప్ చేసినట్టు రుజువు లేదు. ఈ నిజం చెప్పి, ‘అది మన దగ్గర దొరకదు నాన్నా, దొరికేది ఇంకొకటుంది, కూర్చో’ అనాలి. దొరకదు అన్న మాట దగ్గర సంభాషణ ఆగిపోకూడదన్నదే నా ఆరాటం.

దొరికేది నికోటిన్ గమ్. 2 మిల్లీగ్రాముల గమ్ డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. అది కొన్నవాళ్ళలో చాలామంది రెండు రోజుల్లో పారేసి, ‘పని చెయ్యలేదు గురూ, గొంతు మండింది, ఎక్కిళ్ళొచ్చాయి’ అంటారు. మామూలు బబుల్ గమ్‌లా గబగబా నమిలి ఉంటారు. అలా నమిలితే నికోటిన్ లాలాజలంలో కలిసి కడుపులోకి పోతుంది. అక్కడ దానివల్ల మంట తప్ప లాభం తక్కువ. అది పనిచేయాల్సింది బుగ్గ లోపలి పొర ద్వారా. కాబట్టి నెమ్మదిగా నమలాలి. మిరియం కొరికినట్టు నోట్లో చురుక్కుమనగానే నమలడం ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య దాచుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ రెండుమూడు సార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గలో పెట్టుకోవాలి. అరగంట దాకా ఇలా సాగాలి. దానికి పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ, కూల్ డ్రింక్ తాగకూడదు, నోట్లో పులుపు చేరితే నికోటిన్ లోపలికి ఇంకదు. టీ తాగుతూ సిగరెట్ కాల్చే అలవాటున్న మన ఊళ్ళో ఈ ఒక్క ముక్క చెప్పకపోతే గమ్ ఇచ్చినా ఇవ్వనట్టే. దీన్ని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. జనం ఎంత ఉన్నా ఆ రెండు నిమిషాలు ఇవ్వాలి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: ‘పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి?’ రోజుకు ఎన్ని అన్నదానికంటే ఇదే ముఖ్యం. అరగంట లోపే అంటే అతనికి నికోటిన్ బానిసత్వం గట్టిగా ఉన్నట్టు. 2 మిల్లీగ్రాములు అతనికి చాలవు, 4 కావాలి. 4 మిల్లీగ్రాములకు డాక్టర్ చీటీ ఉండి తీరాలి. చీటీ లేకుండా ఇవ్వడం తప్పు, నేనివ్వను. కానీ ఈ అమరిక చూస్తే మనసు కలుక్కుమంటుంది. అందరికంటే ఎక్కువ బానిసైనవాడికే మందు ఒక మెట్టు పైన ఉంది, వాడికి అంత హాని చేస్తున్న సిగరెట్ మాత్రం వీధి చివర ఒక్కొక్కటిగా దొరుకుతుంది. 2022లో వచ్చిన జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ మందులను చేర్చారు. మంచి పని. కాలనీ ఆసుపత్రుల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో అవి ఎప్పుడూ ఉచితంగా అందేలా చూస్తే అలా చేర్చినందుకు ఫలితం దక్కుతుంది. ఈలోగా మనం చేయగలిగిందేమిటంటే, ఊరికే ‘డాక్టర్ దగ్గరికెళ్ళు’ అనకుండా ఒక చిన్న కాగితం మీద ‘మొదటి సిగరెట్ లేచిన పది నిమిషాలకే, రోజుకు ఇన్ని, ఇన్నేళ్ళుగా’ అని రాసి ఇవ్వడం. కింగ్ జార్జ్ ఆసుపత్రి కేజీహెచ్‌లో గానీ, స్టీల్ ప్లాంట్ వారి ఆసుపత్రిలో గానీ, పోర్టువారి ఆసుపత్రిలో గానీ ఆ కాగితం చూసిన డాక్టర్‌కు సగం పని అయిపోతుంది. వేరెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలు అవసరమా అన్నది కూడా అక్కడే తేలుతుంది. అవి కూడా చీటీ మందులే.

ఇప్పుడు చెప్పబోయేది ఒక్క ఫార్మసిస్టే పట్టుకోగలిగిన సంగతి. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడే పెద్దవాళ్ళు మన జిల్లాలో ఇంటింటా కనిపిస్తారు. పొగాకు పొగలో ఉండే కొన్ని రసాయనాలు కాలేయాన్ని రెచ్చగొట్టి, ఆ మందును వేగంగా కరిగించేస్తాయి. అందుకే పొగ తాగేవాళ్ళకు డోసు ఎక్కువ పడుతుంది. సిగరెట్ మానేయగానే కాలేయం నెమ్మదిస్తుంది. అదే డోసు వారం తిరక్కుండా ఎక్కువైపోవచ్చు. వాంతులు, గుండెదడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం. ఇంట్లోవాళ్ళు ‘సిగరెట్ మానినందుకే ఇలా అయిపోతున్నాడు, పోనీ ఒకటి తాగనీ’ అంటారు. ఆయనకు కావాల్సింది సిగరెట్ కాదు, డాక్టర్ చేత డోసు తగ్గించుకోవడం. మానసిక వైద్యంలో ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. చినవాల్తేరు మానసిక వైద్యశాల చీటీ పట్టుకొచ్చిన మనిషి సిగరెట్ మానుతున్నానంటే ఎంతో సంతోషించి, వెంటనే ఆ డాక్టర్‌కు చెప్పి రమ్మనాలి. ఈ మార్పు తెచ్చేది నికోటిన్ కాదు, పొగ. కాబట్టి గమ్‌కు మారినా, ఎక్కడో ఓడ మీద వేప్‌కు మారి వచ్చినా సంగతి ఒకటే. ‘నువ్వు వేప్ తాగుతున్నావా’ అని తిట్టకుండా అడగడం ఇందుకే అవసరం. భయపెడితే అతను చెప్పడు. చెప్పకపోతే అతని ఆయాసం మందు ఎందుకు ఎదురు తిరిగిందో మనకు తెలియదు. కాఫీ కూడా ఇదే దారిలో కరుగుతుంది. మానిన వారంలో ఎప్పటిలాగే నాలుగు గ్లాసులు తాగితే ఒళ్ళంతా చిరాకు, దడ. కాఫీ సగానికి తగ్గించమని చెబితే చాలామందికి ఆ మొదటి వారం గడుస్తుంది.

వేప్ గురించి ఇంత మాట్లాడుతూ మన ఉత్తరాంధ్రలో పాతుకుపోయిన ఒక పొగను వదిలేస్తే అన్యాయం. అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. జాలరి పేటల్లో, చేలల్లో పనిచేసే ఆడవాళ్ళలో తరతరాలుగా ఉంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, ఎక్కువసేపు వస్తుంది. ఇలా కారణాలు చెబుతారు. నిప్పు తగిలే చోటు అంగిలి. కోస్తాంధ్రలో అంగిలి కేన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు రాశారు. 1971లో పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. వాళ్ళలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్ళే. ఇప్పుడు కుర్రతరంలో ఇది తగ్గింది. అవ్వల నోళ్ళలో మాత్రం ఇంకా ఉంది. ఆ అవ్వ మన షాపుకొచ్చి సిగరెట్ మానే మందు అడగదు. ‘నోరు మండతంది బాబూ, పూతమందేటైనా ఇయ్యి’ అంటుంది. పూతమందు ఇచ్చి పంపేయడం చాలా తేలిక. ఒక్క మాట అడగాలి: ‘అమ్మా, అడ్డపొగ తాగుతావా?’ అవునంటే పూతమందుతో సరిపెట్టకూడదు. అంగిలి తెల్లబడి ఎర్రటి చుక్కలు తేలినా, మానని పుండున్నా, ఆమెను పళ్ళ డాక్టర్‌కో కేజీహెచ్‌కో పంపి తీరాలి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది. పళ్ళు ఊడినవాళ్ళకు, కట్టుడు పళ్ళున్నవాళ్ళకు గమ్ అంటుకుపోతుంది, చప్పరించే బిళ్ళ మేలు. నోట్లో పుండు ఉంటే అది కూడా డాక్టర్ చూశాకే. మనం తప్ప ఇంత ఆరా తీసేవాళ్ళు ఆమెకు ఇంకెవరూ లేరు.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు వేప్‌తో దొరికినప్పుడు తల్లిదండ్రులు మన దగ్గరికి పరుగెత్తుకొస్తారు. వాళ్ళ చేతిలో గమ్ పెట్టి పంపకూడదు, పిల్లల డాక్టర్‌కో మానసిక వైద్యులకో చూపించమనాలి. గర్భిణులు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు కూడా డాక్టర్‌ను అడక్కుండా నికోటిన్ మందు మొదలుపెట్టకూడదు.

వేప్‌తో సిగరెట్ మానేసి ఊరికొచ్చి, ఇక్కడ లిక్విడ్ దొరక్క అల్లాడే ఓడ కుర్రాడి విషయంలో సీసా మీది అంకె చూసి డోసు లెక్కకట్టవద్దు. లేచాక ఎంతసేపటికి మొదటి దమ్ము లాగుతాడో అదే అడిగి, సిగరెట్ తాగేవాడికి ఇచ్చినట్టే గమ్ మొదలుపెట్టి, పది పన్నెండు వారాల్లో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. సెలవు రెండు నెలలే ఉంటే మిగిలిన గమ్‌కు బిల్లు, అవసరమైతే డాక్టర్ చీటీ అతని వెంట ఉండాలి.

వింటున్నవాళ్ళలో ఎవరైనా మానాలనుకుంటే ఒక నంబరు రాసుకోండి: 1800 11 2356. జాతీయ క్విట్‌లైన్. ఫోన్ ఉచితం. 2016లో ఢిల్లీలో మొదలైంది, తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ కేంద్రం పెట్టారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2018 సెప్టెంబర్ నుంచి ఈ నంబరును సిగరెట్ పెట్టెల మీదే అచ్చువేస్తున్నారు. బడ్డీలో విడి సిగరెట్ కొనేవాడికి పెట్టె చేతికి రాదు కాబట్టి ఆ నంబరు అతని కంట పడదు. అందుకే మందుల షాపు అద్దం మీద, బీపీ మిషన్ పక్కన, పెద్ద అక్షరాలతో రాసి అంటించాలని సోదర ఫార్మసిస్టులను అడుగుతున్నాను.

ఇంకొకటి కూడా అడుగుతాను. గమ్ మొత్తం పెట్టె కొనమనకండి. కంపెనీ పేరు, గడువు తేదీ ఉన్న ముక్క పోకుండా స్ట్రిప్ కత్తిరించి, నాలుగు ఇవ్వండి. డబ్బులు తక్కువున్న రోజున అతను చేసే లెక్క ఒక్క సిగరెట్ ఖరీదుతోనే. మానే తేదీ, ఫోన్ నంబరు అతని ఇష్టంతో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటే కష్టం. మూడో రోజు సాయంత్రం షాపులో రద్దీ తగ్గాక ఒకసారి ఫోన్ చేయండి. ‘తాగేశావా?’ అని అడగొద్దు. ‘గమ్ ఎలా నములుతున్నావు, ఏ వేళప్పుడు ఎక్కువ లాగుతోంది?’ అని అడగండి. నైట్ షిఫ్టులో తెల్లవారుజామున మూడింటికి అంటే, ఆ వేళకు ముందే ఒక గమ్ బుగ్గన పెట్టుకోమనండి. మళ్ళీ తాగేశానంటే కొత్త తేదీ అడిగి, అదే పేజీలో కింద రాసుకోండి.